ఇంప్లాంటుతో సైకిలు, ఆటలు: మడిచే కడ్డీ మేలా, పంపు రకం మేలా?

పురుషాంగ ఇంప్లాంటు (అంగం గట్టిపడనివారికి శస్త్రచికిత్సతో లోపల అమర్చే పరికరం) వేయించుకోబోయే మగవారు, ముఖ్యంగా మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారు, నన్ను తరచుగా అడిగేది ఒకటే: ఆ తరువాత సైకిలు తొక్కవచ్చా, కబడ్డీ ఆడవచ్చా, బరువులెత్తవచ్చా, అందుకు మడిచే కడ్డీ రకం మేలా, పంపు ఉన్న మూడు భాగాల రకం మేలా అని. షుగరు కారణంగా నాకూ ఈ శస్త్రచికిత్స అవసరమైంది. నెల్లిమర్ల మీదుగా రామతీర్థం దాకా సైకిలు మీద వెళ్లిరావడం నేను వదులుకోలేని అలవాటు కనుక, వారు తూచి చూస్తున్నవాటినే నేనూ తూచవలసి వచ్చింది.

సాధారణంగా ఈ రెండింటినీ పడకగదిని దృష్టిలో పెట్టుకొని పోలుస్తారు. సంభోగానికి కావలసిన గట్టిదనం రెండూ ఇస్తాయి. ఒళ్లు వంచి ఆడేవారు, బండి నడిపేవారు మాత్రం పరికరం వాడనప్పుడు ఎలా ఉంటుందో ముందుగా చూడాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే దానితోనే రోజంతా కూర్చోవాలి, పరుగెత్తాలి, వంగాలి.

రెండు రకాల్లోనూ లోపల అమర్చిన భాగాల వెనుక కొసలు వృషణాల వెనుకగా శరీరంలోకి వెళ్లి కటి ఎముకల అంచులకు ఆనుకొని ఉంటాయి. సైకిలు సీటు ముందు భాగం ఒత్తేది దాదాపు ఆ చోటనే. మడిచే రకంలో లోహపు తీగ ఉన్న సిలికాన్ కడ్డీ ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. కిందికి వంచినా దాని గట్టిదనం పోదు. అందువల్ల అంగం కొన మీద లోపలి నుంచి ఒత్తిడి ఎడతెగక ఉంటుంది. షుగరు వల్ల గాని, వెన్నుపాము దెబ్బ వల్ల గాని స్పర్శ తగ్గినవారికి ఆ ఒత్తిడి తెలియదు. నొప్పి హెచ్చరించదు గనుక కడ్డీ కొన లోపలి కణజాలాన్ని కోసుకొని బయటికి వచ్చే ప్రమాదం వారిలో ఎక్కువ. పంపు రకంలో మూడు భాగాలు ఉంటాయి: అంగంలో సిలిండర్లు, వృషణాల సంచిలో పంపు, పొత్తికడుపులో సెలైన్ నీరు నిలువ ఉండే రిజర్వాయరు. పంపు నొక్కితే ఆ నీరు సిలిండర్లలోకి చేరి అంగం గట్టిపడుతుంది. పని అయ్యాక నీరు తిరిగి రిజర్వాయరుకు మళ్లుతుంది, అంగం మెత్తబడుతుంది, కొన మీద భారం తగ్గుతుంది. సీటు మీద గంటల తరబడి గడిపే షుగరు మనిషిగా నేను మూడు భాగాల రకాన్నే ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే.

సీటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముందుకు వంగి తొక్కే గేర్ల సైకిలు మీద శరీరభారం వృషణాల వెనుక భాగం మీదికి వస్తుంది. మన ఊళ్లలో పాలక్యాన్లు కట్టుకొని తిరిగే పాత సైకిలు మీద, వెడల్పాటి స్ప్రింగు సీటు పైన నిటారుగా కూర్చుంటే భారమంతా పిరుదుల ఎముకల మీద నిలుస్తుంది. ఇంప్లాంటు ఉన్నవారికి రెండోదే మంచిది. గేర్ల సైకిలే కావాలనుకుంటే ముందు భాగం లేని సీటు గాని, నడుమ పల్లం ఉన్న సీటు గాని వేయించుకోవాలి. ఎస్.కోట దాటి అరకు ఘాటు ఎక్కే మోటారుసైకిలు వారికి ఇబ్బంది మరొకటి: దిగుడులో ఒక్కసారిగా బ్రేకు వేస్తే గజ్జలు ట్యాంకుకు తగులుతాయి. పంపు వృషణాల సంచిలో ఉంటుంది కనుక బిగువైన లోదుస్తులతో దానిని కదలకుండా నిలిపి ఉంచుకోవాలి.

బరువులెత్తేవారి విషయంలో మాత్రం తూకం మారవచ్చు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వంటి, వెయిట్‌లిఫ్టింగు ఊరి ఆటగా మారిన చోట ఈ సందేహం రావడం సహజం. ఊపిరి బిగబట్టి ఎత్తినప్పుడు కడుపులో ఒత్తిడి పెరిగి, రిజర్వాయరులోని నీరు తనంతట తానే సిలిండర్లలోకి చేరి అంగం కొంత గట్టిపడవచ్చు. ఇప్పటి పరికరాల్లో దీనిని అడ్డుకునే కవాటాలు ఉన్నాయి. శస్త్రచికిత్స తరువాత తొలి వారాల్లో రిజర్వాయరు చుట్టూ శరీరం ఒక పొరను అల్లుకుంటుంది. అప్పుడు రిజర్వాయరు నిండుగా, అంటే అంగం మెత్తగా ఉండేలా చూసుకుంటే ఆ పొర తగినంత వెడల్పుగా ఏర్పడి, తరువాత నీటిని బయటికి నెట్టదు. మడిచే రకంలో నీరే లేదు కనుక ఈ చిక్కే లేదు. గజ్జల్లో హెర్నియాకు వల (మెష్) వేయించుకున్నవారు ఆ సంగతి యూరాలజిస్టుకు ముందే చెప్పాలి, ఎందుకంటే రిజర్వాయరును ఎక్కడ అమర్చాలన్నది దానిని బట్టి మారుతుంది.

కబడ్డీలో మోకాలి దెబ్బ, క్రికెట్‌లో బంతి దెబ్బ ఏ రకానికైనా మంచివి కావు, గార్డు పెట్టుకోవలసిందే. నాగావళిలో తడి తువ్వాలుతో స్నానం చేసేవారికి మడిచే రకం ఆకారం బయటికి తెలుస్తుందని మొహమాటం కలుగుతుంది, పంపు రకంలో ఆ ఇబ్బంది ఉండదు.

రెండు భాగాల రకం నడిమి రకం. పొత్తికడుపులో రిజర్వాయరు ఉండదు గాని అంగం పూర్తిగా మెత్తబడదు.

మడిచే రకాన్ని నేను తక్కువ చేయను. మన దేశంలో తయారయ్యే షా ఇంప్లాంటు పంపు రకం ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది; పంపు రకానికి లక్షల్లో ఖర్చవుతుంది. పంపు, కవాటం లేనందున చెడిపోయే భాగాలూ తక్కువే. వేళ్లలో పట్టు తగ్గినవారు, పంపు నొక్కలేనివారు దానినే వేయించుకోవాలి. నడక, ఈత, షటిల్ వంటివాటికి అది చాలు, స్పర్శ బాగున్నవారు పొట్టి దూరాలు సైకిలు మీద వెళ్లడానికీ చాలు. ఏ రకమైనా సంభోగానికీ బరువులకూ సుమారు ఆరు వారాలు ఆగాలి. సైకిలు సీటు ఎక్కడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు, కనుక గాయాన్ని చూసిన సర్జను అనుమతి ఇచ్చాకే ఎక్కాలి.