పెట్టెకు మంచి మార్కులు, అడాప్టర్‌కు సున్నా

రెండు వారాల శని, ఆదివారాలు దీనికే పోయాయి. చూపుడు వేలి మీద తోలు కాస్త లేచింది. మా ఆవిడ కుట్టుమిషన్ టేబుల్‌లో సగం కబ్జా చేశాను. అయితేనేం, కాయిన్లు వేయక్కర్లేని ఆర్కేడ్ మెషీన్ (పాత గేమ్ సెంటర్లలోని వీడియో గేమ్ పెట్టె) ఇంట్లోకి వచ్చింది.

కొన్నది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను లోపల పెట్టి మనమే బిగించుకునే టేబుల్‌టాప్ కిట్. కంప్యూటర్, స్క్రీన్ మనవే. ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన) పలకలు, జాయ్‌స్టిక్, 30 మిల్లీమీటర్ల బటన్లు ఆరు, స్టార్ట్‌కి, కాయిన్‌కి 24 మిల్లీమీటర్లవి రెండు, బటన్ల నొక్కుళ్లను కంప్యూటర్‌కు చేరవేసే యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డు, స్పీకర్లు, అడాప్టర్, మెమరీ కార్డు వాళ్లిస్తారు. నా దగ్గర రాస్ప్‌బెర్రీ పై 4 మోడల్ ఖాళీగా పడుంది, దాన్నే పెట్టాను.

చెక్క పని గురించి వంక పెట్టడానికి లేదు. కోత శుభ్రంగా ఉంది, పలకలు ఒకదాంట్లో ఒకటి బిగువుగా దిగాయి. సూచనల కాగితంలో మాత్రం ఏడో బొమ్మ దగ్గర ఎడమ పలక, కుడి పలక తారుమారయ్యాయి. గమ్ పూయకముందే కనిపెట్టాను కాబట్టి బతికిపోయాను. మీరు ముందు గమ్ లేకుండా మొత్తం ఒకసారి నిలబెట్టి చూసుకోండి.

స్క్రీన్‌గా పాత ఆఫీసు మానిటర్ వాడాను, 17 అంగుళాలది. చూడ్డానికి చదరంగా ఉంటుంది కదా, పాత ఆటలకు సరిగ్గా అతుకుతుందనుకున్నా. తీరా చూస్తే దాని నిష్పత్తి 5:4, అంటే 1280 బై 1024 పిక్సెళ్లు. చాలా పాత ఆటలు 4:3వి. కిందా పైనా సన్నని నల్ల పట్టీలు వస్తాయి, పెద్ద ఇబ్బందేం కాదు. నిలువు ఆటలకైతే రెండు పక్కలా ఎక్కువే ఖాళీ పోతుంది. 1980 నాటి పాక్‌మాన్ స్క్రీన్ 224 బై 288, అసలు మెషీన్‌లో మానిటర్‌నే నిలువుగా బిగించేవాళ్లు. ఇక పై 4కి ఉన్నవి మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రాలు. మామూలు కేబుల్ పట్టదు, ముందే చూసి తెచ్చుకోండి.

అసలు కథ జాయ్‌స్టిక్‌ది. మొదటి రోజు రాత్రి పాక్‌మాన్ తరహా ఉచిత ఆట ఒకటి పెట్టి మా అమ్మాయిని కూర్చోబెట్టాను. సందు మలుపు వచ్చిన ప్రతిసారీ బొమ్మ తిన్నగా వెళ్లి గోడకు తగులుకుంటోంది. "నాన్నా, ఇది తిరగట్లేదు." "నువ్వు సరిగా తిప్పట్లేదేమోనే." నేను తీసుకున్నాను. నాకూ తిరగలేదు! కంట్రోల్ ప్యానెల్ విప్పి, పుల్లను చేత్తో ఆడిస్తూ కింద మైక్రోస్విచ్‌ల చప్పుడు విన్నాను. పైకి తోస్తే ఒక టిక్కు. కుడివైపు తోస్తే ఒక టిక్కు. చేయి కాస్త పక్కకు జారితే టిక్కుటిక్కు, రెండూ ఒకేసారి. ఫ్యాక్టరీలో దాన్ని ఎనిమిది దిక్కులకు పెట్టి పంపారు. మూలకు తోసినప్పుడు పైకి, కుడికి కలిపి సిగ్నల్ వెళ్తుంటే ఆట ఏది పట్టించుకోవాలో తేల్చుకోలేకపోతోంది. పాత పాక్‌మాన్ మెషీన్‌కు నాలుగు దిక్కుల పుల్లే ఉండేది.

మందు చిన్నదే. పుల్ల కింద చదరపు ప్లాస్టిక్ పలక ఒకటుంటుంది, గేట్ అంటారు. నాలుగు స్క్రూలు తీసి, దాన్ని వజ్రం ఆకారంలోకి తిప్పి మళ్లీ బిగిస్తే మూలలకు పుల్ల వెళ్లదు. పది నిమిషాల పని. ఈ ఒక్క ముక్క సూచనల కాగితంలో ఎక్కడా లేదు. ఫైటింగ్ ఆటలు ఆడాలంటే మళ్లీ ఎనిమిదికి తిప్పుకోవాలి, అది వేరే గోల.

వైరింగ్‌కి సోల్డరింగ్ అక్కర్లేదు, బటన్ కాళ్లకు కనెక్టర్లు తొడగడమే. మూడో బటన్‌ది వదులుగా ఉండి, నొక్కితే ఒకసారి పనిచేసి ఇంకోసారి చేసేది కాదు. నోస్ ప్లయర్‌తో కనెక్టర్‌ను కొద్దిగా నొక్కితే సరిపోయింది. గట్టిగా నొక్కితే విరుగుతుంది, జాగ్రత్త.

ఇప్పుడు అడాప్టర్. దాని మీద 5 వోల్టులు, 2.5 ఆంపియర్లు అని రాసుంది. పై 4కి సిఫారసు చేసేది 3 ఆంపియర్లు. ఆన్ చేసిన కాసేపటికే స్క్రీన్ మూలన పసుపు పచ్చ మెరుపు గుర్తు మొదలైంది. వోల్టేజీ దాదాపు 4.63 కంటే తగ్గితే పై పెట్టే మొర అది. గుర్తు వచ్చినప్పుడల్లా ఆట ఈడ్చుకుంటూ నడిచేది, పాట గొంతు పట్టేసినట్టు ఆగి ఆగి వచ్చేది. అమ్మినవాళ్లకు రాస్తే "సెట్టింగుల్లో ఆ గుర్తును ఆపేసుకోండి సార్" అన్నారు. జ్వరం వస్తే థర్మామీటర్ విరగ్గొట్టమన్నట్టుంది. సరైన అడాప్టర్ విడిగా కొన్నాను, గుర్తు మళ్లీ కనిపించలేదు. స్పీకర్ల గుయ్‌మనే శబ్దం కూడా దాదాపు ఇలాంటిదే. స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్‌కి కరెంటు రాస్ప్‌బెర్రీ పై నుంచి కాక వేరే అడాప్టర్ నుంచి ఇచ్చాక పోయింది.

వెనక ఉన్న ఆన్, ఆఫ్ స్విచ్ నేరుగా కరెంటు కోసేస్తుంది. మెమరీ కార్డు మీద కంప్యూటర్ ఏదో రాస్తుండగా కోస్తే ఆ కార్డు పాడవ్వచ్చు. నాది రెండో వారంలోనే పోయింది. దాంతో రాస్ప్‌బెర్రీ పై బోర్డులో వైర్లు తగిలించుకునే పిన్నుల్లో జీపీఐఓ 3 అనేదానికి, గ్రౌండ్‌ పిన్నుకు మధ్య మిగిలిన బటన్ ఒకటి కలిపి, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లో షట్‌డౌన్ లైను ఒకటి చేర్చాను. అదే బటన్ ఆపుతుంది, అదే మళ్లీ లేపుతుంది. ఇది కిట్‌లోనే ఇచ్చి ఉండాల్సింది.

పోయిన కార్డు గురించి పెద్దగా బాధ లేదు. అందులో వేల ఆటలు ఎక్కించి ఇచ్చారు, వాటిలో చాలావాటికి కాపీరైట్ సొంతదారులున్నారు, అమ్మే హక్కు వీళ్లకెక్కడిదో మరి. కొత్త కార్డులో రెట్రోపై అనే, పాత ఆటలు ఆడించే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపించే, 1997లో మొదలైన మేమ్ ప్రాజెక్టు వాళ్లే తమ సైట్‌లో రాబీ రోటో, గ్రిడ్లీ లాంటి కొన్ని పాత ఆటలను, వ్యాపారానికి వాడనంతవరకు, ఉచితంగా ఇస్తున్నారు. నాకు అవి చాలు. గ్రిడ్లీకి మా అమ్మాయి బానిసైపోయింది.

ఒక సొంత గొడవ. నాది ఎడమచేతి వాటం. కత్తెర దగ్గర్నుంచి మౌస్ దాకా అన్నీ నాకు ఎదురే. ఇక్కడ పుల్ల ఎడమవైపు ఉంది! ఇంట్లో మొదటిసారి కుడిచేతివాళ్లు తంటాలు పడుతుంటే నేను పక్కన కూర్చుని చూస్తున్నాను.

మొత్తం మీద ఐదుకు మూడున్నర. ప్లయర్ పట్టడమంటే టెన్షన్ పడేవాళ్లు తయారుగా బిగించినదే కొనుక్కోండి. మిగతావాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు, పెట్టెతో వచ్చిన అడాప్టర్‌ను మాత్రం రాస్ప్‌బెర్రీ పై 4కి తగిలించకండి. నాది ఇప్పుడు టేబుల్ లైటుకు వాడుతున్నాను.