ఇంగ్లండ్‌లో సుఖవ్యాధుల పరీక్షలు: కొన్నేళ్లు వాడినాక నా మాట

నల్గొండ, మిర్యాలగూడ నుంచి ఇంగ్లండ్‌కు చదువుకు పోయే పిల్లలు నన్ను చాటుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, అక్కడ హెచ్‌ఐవీ టెస్ట్ చేయించుకుంటే వీసా పోతదా?" పోదు. చదువుకునే రోజుల్లోనూ, తర్వాత ఉద్యోగంలోనూ నేను అక్కడి సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లకే వెళ్లాను. ఆ ధైర్యంతోనే చెప్తున్నాను.

ముందు డబ్బు సంగతి. వీసాతో పాటు స్టూడెంట్లు హెల్త్ సర్‌చార్జి కింద ఏడాదికి 776 పౌండ్లు కడతారు కదా, ఈ పరీక్షలకు దానితో సంబంధమే లేదు. విదేశీయులకైనా సుఖవ్యాధుల పరీక్ష, మందులు ఉచితం. 2012 అక్టోబరు నుంచి హెచ్‌ఐవీ చికిత్స కూడా వీసాతో పని లేకుండా అందరికీ ఉచితంగా ఇస్తున్నారు.

నాకు బాగా నచ్చింది గోప్యత. మనం ఒప్పుకోకుండా మామూలు డాక్టరుకు, అంటే అక్కడి జీపీకి కూడా కబురు పోదు. రిజల్ట్ ఫోన్‌కు మెసేజ్‌గా వస్తుంది. జబ్బు ఉందని తేలితే, మనతో శారీరకంగా కలిసినవాళ్లకు మన పేరు చెప్పకుండా క్లినిక్ వాళ్లే కబురు పంపగలరు. నర్సు అడిగే ప్రశ్నలు మాత్రం సూటిగా ఉంటాయి: ఎవరితో, ఎప్పుడు, కండోమ్ వాడారా, ఆడా మగా. మొదట్లో చెమటలు పట్టేవి. కానీ ఆమె ముఖంలో ఎప్పుడూ చిన్నచూపు కనపడలేదు. ఇక్కడ మన దగ్గర ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో నా పేరు, పరీక్ష పేరు రెండూ అందరి ముందు గట్టిగా చదివారు. ఊరి మనుషులు కూర్చున్న చోట అట్ల చదివితే ఇంకోసారి ఎవరు వస్తారు?

ఇంగ్లిష్ రాకపోతే ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను పెడతారు. తెలుగామె వస్తే మనవాళ్లకు తెలిసిపోతుందేమోనని నాకు టెన్షన్. నా పేరు, ఊరు ఆమెకు చెప్పొద్దని అడిగితే నర్సు సరేనంది. మీరూ అడగండి, మొహమాటం వద్దు.

లోపాలూ ఉన్నాయి. అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం, కొత్త స్లాట్లు వచ్చిన కాసేపటికే అయిపోతాయి. ఇంటికి తెప్పించుకునే టెస్ట్ కిట్ మామూలు కవర్‌లోనే వస్తుంది, ఇల్లంతా మన తెలుగు స్టూడెంట్లే ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. కానీ వేలు గుచ్చి ఆ చిన్న గొట్టం రక్తంతో నింపడం నాకు నరకమే. చేతులు వేడినీళ్లలో పెట్టి, నిలబడి చేస్తే కొంత నయం. ఇంకో మాట, మరీ ముందే చేయించుకున్న టెస్ట్‌ను నమ్ముకోకండి. మామూలుగా ల్యాబ్ రక్తపరీక్షలో హెచ్‌ఐవీ కచ్చితంగా తేలడానికి కలిసిన రోజు నుంచి 45 రోజులు, సిఫిలిస్‌కు 12 వారాలు, గనేరియా, క్లమీడియాకు 2 వారాలు ఆగాలి. మంట, పుండు, స్రావం లాంటివి ఉంటే మాత్రం ఆగొద్దు, వెంటనే పోండి.

గల్ఫ్ సంగతి పూర్తిగా వేరు. దేవరకొండ వైపు నుంచి దుబాయ్, సౌదీ పోయేవాళ్లకు చేసే మెడికల్ ఆ దేశం కోసం చేసేది, రిపోర్ట్ పోయేదీ వాళ్లకే. హెచ్‌ఐవీ ఉంటే నివాస వీసా ఇవ్వరు, అక్కడ తేలితే తిప్పి పంపుతారు. మా బాబాయి కొడుకు పోయేటప్పుడు నేనొకటే చెప్పాను: ఏజెంట్‌కు డబ్బు కట్టకముందే నల్గొండ ప్రభుత్వ దవాఖానలో ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష చేసే కేంద్రానికి పోయి చూపించుకో అని. అక్కడ పరీక్ష ఉచితం, ముందూ తర్వాతా కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ఇంట్లోవాళ్లకైనా, ఏజెంట్‌కైనా అంతే. ఎటు పోవాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఇంగ్లండ్ పోయేవాళ్లకు చివరగా ఒకటి. ఇంటికి కిట్ పంపడం అన్ని ఊళ్లలో ఒకేలా ఉండదు, అక్కడి కౌన్సిల్‌ను, అంటే మన మున్సిపాలిటీ లాంటిదాన్ని బట్టి మారుతుంది. ఇల్లు దొరకగానే ఆ పోస్ట్‌కోడ్ నెట్‌లో కొట్టి మీకు దగ్గర్లో ఏ క్లినిక్ ఉందో, కిట్ వస్తుందో లేదో చూసిపెట్టుకోండి.