హక్స్‌లీ ‘క్రేఫిష్’ పునర్ముద్రణ: పాఠం పదిలం, బొమ్మలు పాడు

ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ, మంచినీటిలో బతికే రొయ్య లాంటి జీవి క్రేఫిష్ మీద 1880లో వెలువరించిన ‘ది క్రేఫిష్’ పుస్తకానికి ఇటీవలి పునర్ముద్రణ ఒకటి ఆన్‌లైన్‌లో 650 రూపాయలకు దొరుకుతోంది. ఇచ్ఛాపురంలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించే నాకు ఇది అవసరమైన పుస్తకమే కనుక తెప్పించుకున్నాను. పుస్తకానికి ఐదు చుక్కలూ ఇస్తాను. అచ్చుకు రెండు ఇవ్వడం కూడా ఎక్కువే.

ఒక్క జంతువును ఆమూలాగ్రం చదివి, దాని ద్వారా జంతుశాస్త్రం మొత్తాన్ని పరిచయం చేసుకోవడం ఈ పుస్తకం పద్ధతి. ఏటి ఒడ్డున ఎవరికైనా కనబడే సంగతులతో మొదలై, ఆహారం, శ్వాస, కదలిక, జ్ఞానేంద్రియాల మీదుగా దేహనిర్మాణానికీ, అక్కడి నుంచి బంధుజాతులతో పోలికకూ, చివరకు ప్రపంచంలో ఈ జాతుల విస్తరణకూ ఆరు అధ్యాయాలు సాగుతాయి. మన కళాశాలల్లో టైప్ స్టడీ పేరిట రొయ్యనో, బొద్దింకనో, కప్పనో తల నుంచి తోక దాకా చదివించే అలవాటుకు 1872 నుంచి లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో హక్స్‌లీ నడిపిన ప్రయోగశాల తరగతులే బలమైన పునాది వేశాయి.

మన దేశపు నదుల్లో క్రేఫిష్ సహజంగా లేదు. అందుచేత బజారులో కొన్న మంచినీటి రొయ్యను ట్రేలో పక్కన పెట్టుకుని చదవడం మేలని నా అభిప్రాయం. పృష్ఠకవచం, అంటే వీపును కప్పే పెంకు, పక్క భాగాన్ని చిన్న కత్తెరతో జాగ్రత్తగా కోసి తీస్తే మొప్పల వరుస బయటపడుతుంది. ఈ రొయ్యకు ఒక్కో పక్కన ఎనిమిది మొప్పలు, ఒక్కొక్కటీ పలుచని పలకలు పేర్చినట్టు ఉంటుంది. క్రేఫిష్ మొప్పలో పలకలకు బదులు సన్నని తంతువులు ఉంటాయి. ఏ మొప్ప కాలి మొదలు మీద పుట్టింది, ఏది కీలు పొర మీద పుట్టింది, ఏది దేహపు గోడ మీద పుట్టింది అని లెక్కగట్టి పట్టిక వేయడమే కాక, మొప్పల ఆధారంగా క్రేఫిష్ జాతులను వర్గీకరించి 1878లోనే హక్స్‌లీ ఒక పత్రం ప్రచురించారు. ఆ పట్టికలు ఈ పుస్తకంలోనూ ఉన్నాయి. తులనాత్మక శరీర నిర్మాణ శాస్త్రం ఎలా ఆలోచిస్తుందో విద్యార్థికి చూపించడానికి ఇంతకంటె మంచి పేజీలు నాకు తెలియవు.

అయితే ఈ పునర్ముద్రణ దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. మూలంలోని 82 బొమ్మలూ ఉన్నాయన్న మాట నిజమే కానీ, నాసిరకం స్కాన్ వల్ల గీతలన్నీ కలిసిపోయి నల్లగా అలుక్కుపోయాయి. భాగాలను గుర్తించే చిన్న అక్షరాలు చాలాచోట్ల చదవడానికి వీలు లేవు, కొన్ని బొమ్మల కింది వివరణ కుట్టు లోపలికి పోయింది. మొప్పల బొమ్మలో తంతువేదో నీడేదో తెలియనప్పుడు పక్కన ఎంత చక్కని వివరణ ఉండి ఏం లాభం? నల్లబల్ల మీద బొమ్మ గీస్తూ పాఠం చెప్పడంలో పేరు పొందిన ఉపాధ్యాయుడి పుస్తకానికి ఇలా జరగడం మరీ అన్యాయం.

ముందుమాట గురించీ చెప్పాలి. రాసినవారి పేరు లేని ఆ నాలుగు పేజీల్లో మూడు 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ పరిణామ సిద్ధాంతంపై బిషప్ విల్బర్‌ఫోర్స్‌తో హక్స్‌లీకి జరిగిన వాగ్వాదానికే సరిపోయాయి. 1825లో ఈలింగ్‌లో పుట్టి, రెండేళ్లకు మించి బడి చదువు లేకుండా జర్మన్ భాషను సొంతంగా నేర్చుకుని, చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో వైద్యం చదివిన మనిషి గురించి అందులో ఒక్క వాక్యం ఉంది. 1846 నుంచి 1850 వరకు ‘రాటిల్‌స్నేక్’ నౌకలో సహాయ వైద్యుడిగా ఆస్ట్రేలియా, న్యూగినీ తీరాల్లో తిరుగుతూ జెల్లీ చేపలను కోసి చూసి, వాటి దేహంలోని రెండు పొరలను సకశేరుకాల (వెన్నెముక గల జంతువుల) పిండంలోని పొరలతో పోల్చిన సంగతి అసలే లేదు. 1849లో అచ్చయిన ఆ పత్రాన్ని రాయల్ సొసైటీకి సమర్పించింది నార్విచ్ బిషప్, అంటే ఆ నౌక కెప్టెన్ స్టాన్లీ తండ్రి. బిషప్‌ల శత్రువుగానే హక్స్‌లీని చిత్రించేవారు ఈ ముచ్చట దాటవేయడం వింత కాదు. చిన్నతనంలో ఇంజనీరు కావాలనుకున్నానని ఆయనే రాసుకున్నారు. ఆ మక్కువ ఈ పుస్తకంలో, దేహాన్ని యంత్రంలా చూసే శరీరధర్మ అధ్యాయాల నిండా కనిపిస్తుంది.

అట్ట కూడా బలహీనమే. మొదటి అధ్యాయం ముగిసేలోగా కాగితాలు ఊడివచ్చాయి. అమ్మకందారుకు ఫొటోలు పంపితే, ఆర్డరు వచ్చాక ముద్రించి ఇచ్చే పుస్తకాలను వాపసు తీసుకోబోమని సమాధానం వచ్చింది. చివరకు బరంపురంలో ఒక బైండింగ్ దుకాణంలో ఇచ్చి దారంతో కుట్టించాను. ఆ దుకాణం ముసలాయన కుట్టు దగ్గర కాస్త ఎడం వదిలి కుట్టడంతో లోపలికి పోయిన వివరణలు కొన్ని బయటపడ్డాయి. కొనదలచినవారు ముందుగా మొప్పల బొమ్మ ఉన్న పేజీ ఫొటో పంపమని అడగండి. అక్షరాలు చదవడానికి వీలుగా లేకపోతే, కాపీహక్కుల గడువు తీరిన పుస్తకమే కనుక, మంచి స్కాన్ దించుకుని ఊళ్లో జిరాక్స్ తీయించుకోవడం చౌక.