పద్మినిలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: తొమ్మిదేళ్ల అనుభవం

మా నాన్నగారి 1994 మోడల్ ప్రీమియర్ పద్మిని కారులో కాంటాక్ట్ పాయింట్లు (నిప్పురవ్వ పుట్టాల్సిన క్షణంలో కరెంటును తెంచే లోహపు మొనలు) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించి తొమ్మిదేళ్లయింది. చెన్నైలో రోజూ తిరిగే బండి ఇది. పాయింట్లున్న రోజుల్లో తరచూ డిస్ట్రిబ్యూటర్ (నిప్పురవ్వను ఒక్కో ప్లగ్గుకు పంచే భాగం) మూత విప్పి, వాటిని గరుకు కాగితంతో రుద్ది, సందు సరిచూసుకోవాల్సి వచ్చేది. కిట్‌తో ఆ బెడద తీరింది. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ కింద అయస్కాంతపు వలయం తిరుగుతుంది, పక్కనున్న సెన్సర్ దాన్ని పసిగట్టి, ప్లగ్గులకు నిప్పురవ్వనిచ్చే కాయిల్ కరెంటును తెంచుతుంది. రాపిడి లేదు, అరుగుదల లేదు. కార్తీకమాసపు వానల్లో కూడా ఉదయాన్నే ఒక్క తిప్పుకు అందుకుంటుంది.

ఐదో వేసవిలో తిరుపతి వెళ్తూ తిరుత్తణి దాటాక బండి ఆగిపోయింది. ఎండలో పద్మిని ఆగితే, వేడికి పెట్రోలు అందడం లేదంటూ ఎవరైనా ఇంజిన్ పక్కనున్న పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయమంటారు. వేశాను. ఇరవై నిమిషాలకు స్టార్టయింది. నేను పొరబడింది అక్కడే. ఆ ఇరవై నిమిషాల్లో పంపు ఒక్కటే కాదు, బండిలో ప్రతిదీ చల్లబడింది. పెట్రోలు అందకపోతే ఇంజిన్ దగ్గి, తడబడి ఆగుతుంది. ఇది దీపం ఆర్పినట్టు ఆగింది.

రెండోసారి చెన్నైలోనే కత్తిపారా కూడలి దగ్గర ఆగినప్పుడు కాయిల్ తీగకు స్పార్క్ టెస్టర్ తగిలించాను. నిప్పురవ్వ లేదు. (తీగను ఊరికే గాలిలో వదిలి ఇంజిన్ తిప్పకండి, కిట్ కాలిపోవచ్చు.) కిట్ పోయిందన్నాడు మెకానిక్. కొత్తది వేయించాను. పది రోజులకు మళ్లీ ఆగింది.

అప్పుడు వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీశాను. ఒక సూది బ్యాటరీ ప్లస్ మీద, రెండోది కాయిల్ ప్లస్ మీద పెట్టి ఇంజిన్ నడిపాను. ఆ రెంటి మధ్య తేడా, అంటే దారిలో పోతున్న వోల్టేజీ, మొదట 0.3 వోల్టులు. పావుగంటలో 0.9, తర్వాత 1.8. మూడు దాటగానే ఇంజిన్ ఆగింది. తాళంచెవి స్విచ్చిని తాకితే చెయ్యి చురుక్కుమంది. పాతికేళ్ల స్విచ్చి లోపలి రేకులు అరిగి, వేడెక్కిన కొద్దీ కరెంటును అడ్డుకుంటున్నాయి. వోల్టేజీ అంతగా పడిపోతే పాయింట్లు ఎలాగో నెట్టుకొస్తాయి, కిట్‌లోని ఎలక్ట్రానిక్స్ మాత్రం పనిచేయడం మానేస్తాయి. కిట్‌తో ఇచ్చిన కాగితంలో ఈ ముక్క ఎక్కడా లేదు. ఇది పెద్ద లోపమే.

నాలుగు కాళ్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) ఒకటి కొని, స్విచ్చి రిలేను మాత్రమే నడిపేలా, కాయిల్‌కూ కిట్‌కూ కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా వచ్చేలా తీగ వేశాను. పోయిందనుకుని తీసేసిన పాత కిట్‌నే మళ్లీ బిగించాను. నాలుగు వేసవులుగా అదే నడుస్తోంది, దారిలో ఒక్కసారీ ఆగలేదు.

కిట్ పెట్టించుకోమనే చెబుతాను, కానీ ముందు ఆ వోల్టేజీ తేడా కొలవండి. అర వోల్టు దాటితే రిలే వేయించాకే కిట్ బిగించండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు తాళం ఆన్‌లో వదలకండి, కాయిల్ మాడిపోవచ్చు. దూరప్రయాణానికి మాత్రం పాత పాయింట్లూ కండెన్సరూ డిక్కీలో పెట్టుకునే వెళ్తాను. ఈ కిట్ దారిలో ఏ దుకాణంలోనూ దొరకదు.