దూడలకు పాలు పట్టే రెండు లీటర్ల బాటిల్: ఆరు నెలలు వాడాక

పెందుర్తిలో పశువుల మందుల షాపులో కొన్నాను. మా గేదె ఈనిన రోజు దూడ లేవలేక, పొదుగు అందుకోలేక పడుకుండిపోతే టెన్షన్ పడి పరిగెత్తి తెచ్చుకున్నాను, ముర్రుపాలు పితికి గోరువెచ్చగా ఉండగానే పట్టేశాం, దూడ సాయంత్రానికి లేచి నిలబడింది. పుట్టిన గంట రెండు గంటల్లో ముర్రుపాలు పడితేనే మంచిది, ఆలస్యమయ్యే కొద్దీ దూడకి రోగాల్ని తట్టుకునే శక్తి సరిగా రాదు, అందుకే ఇది ఈనకముందే ఇంట్లో ఉండాలి.

నిపుల్ బాగుంది, దూడ చీకితేనే పాలు వస్తాయి. త్వరగా తాగేస్తుందని కొందరు బ్లేడుతో చీలిక పెద్దది చేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. తల మరీ పైకెత్తకుండా, తల్లి దగ్గర తాగే ఎత్తులోనే పట్టాలి.

నచ్చనిది మూత. మూత బిగించే మర చుట్ల సందుల్లో పాల జిడ్డు పేరుకుంటుంది, మన వైజాగ్ ఉక్కకి ఇట్టే పులిసిపోతుంది. ఒకరోజు వేడినీళ్లతో సరిగా కడగలేదు, రెండో దూడకి విరేచనాలు పట్టుకున్నాయి, కళ్లు గుంటలు పడ్డాయి. డాక్టరు గారు చెప్పినట్టు పాలు ఆపకుండా, మధ్యమధ్యలో ఓఆర్‌ఎస్ నీళ్లు పట్టాం, మూడో రోజుకి కోలుకుంది. ఇప్పుడు మూత తోమడానికి పాత టూత్‌బ్రష్ ఒకటి అక్కడే కట్టి ఉంచాను.