ఎర్ర కూలెంటుతో ఆరేళ్లు

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డీజిల్ బండి. తెచ్చిన మర్నాడు రేడియేటర్ మూత తీస్తే లోపల టీ డికాక్షన్ రంగు నీళ్లు. వేలు పెట్టి తుడిస్తే తుప్పు బురద అంటుకుంది. పాత ఓనరు నల్గొండ బోరు నీళ్లే పోసి తిప్పాడట. గీజరు కాయిల్‌కి ఎంత సుద్ద పడుతుందో ఇంట్లో రోజూ చూసేవాణ్ణి, నాకు గుండె జారింది.

హోస్ పైపు ఊడదీశాక అసలు సంగతి తెలిసింది. క్లిప్పు బిగించే చోట అల్యూమినియం మూతి చెద తిన్న చెక్కలా గుంటలు గుంటలు. ఇంజన్ కింది భాగం, అంటే బ్లాకు, పోత ఇనుము; దాని మీది హెడ్డు అల్యూమినియం. మధ్యలో ఉప్పునీళ్లు తిరిగితే ఇంజన్ లోపల బ్యాటరీ పెట్టినట్టే. అరిగేది అల్యూమినియం.

నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగించి, ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌తో తిప్పి, మాన్యువల్‌లో చెప్పిన రకం ఎర్ర కూలెంట్ (నీళ్ల బదులు ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పోయించాను. నీళ్లు కలిపే పని లేని రెడీమిక్స్. నెల తిరక్కుండానే కింద చుక్కలు! కూలెంటే తినేసిందని తిట్టుకున్నా.

"కూలెంట్ కాదన్నా, ఇన్నాళ్లూ సుద్దే చిల్లు మూసింది" అన్నాడు మెకానిక్. రేడియేటర్ మార్చక తప్పలేదు.

ఆ తర్వాత 92 వేల కిలోమీటర్లు. మూడేళ్లకు ఒకసారి మార్చాను. దింపిన కూలెంట్‌ని తెల్లగుడ్డలో వడగడితే ఇసుక రేణువంత తుప్పు కూడా లేదు. ఆ గుంటల మూతి అలాగే ఉంది, పెరగలేదు. వాటర్ పంపు జోలికి పోలేదు.

"మనకు మంచు పడదుగా, కూలెంటెందుకు?" అంటారు చాలామంది. కూలెంట్‌లో గడ్డకట్టకుండా చూసే ద్రవం గ్లైకాల్, కానీ అది వేడికీ పనికొస్తుంది: సగం గ్లైకాల్, సగం నీళ్లయితే మరిగేది సుమారు 107 డిగ్రీల దగ్గర. మూత ప్రెషర్ తోడైతే ఇంకా పైన. అయినా నేను డబ్బులు పెట్టేది అందులోని తుప్పు మందుకే.

చిరాకులూ ఉన్నాయి. ధర ఎక్కువ. రంగును నమ్మలేం, అది వట్టి డై. లోపలి మందు అయిపోయినా రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, అందుకే తేదీ రాసి బానెట్ కింద అంటించాను. ఓసారి దారిలో ఎవరో ఏ రకమో తెలియని ఆకుపచ్చ కూలెంట్ టాపప్ చేస్తే మొత్తం దింపించాల్సొచ్చింది. దింపింది తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు నాకకుండా డబ్బాలో పట్టి మూత బిగించాలి.

ఇప్పుడు డిక్కీలో అదే రకం లీటరు డబ్బా పడుంటుంది.