పల్లె దవాఖానకు రెడీమేడ్ గదులు: ఎండలు, వానలు, కోతులు చూశాక

దేవరకొండ వైపు ఒక పల్లె దవాఖాన నాలుగైదేళ్లుగా ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చిన గదుల్లోనే నడుస్తోంది. ఒక్కో గది 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. మూడింటిని పక్కపక్కన పెట్టి బోల్టులతో బిగిస్తే 480 చదరపు అడుగులు. ఉక్కు చట్రం, గోడలకూ కప్పుకూ 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య ఫోము నింపిన పలకలు), కింద సిమెంటు ఫైబర్ బోర్డు, దాని మీద వినైల్ షీటు.

ఫ్యాక్టరీలో చేసిన పని గట్టిగానే నిలబడింది. తిప్పలన్నీ ఊళ్లో చేసిన పనితోనే: పునాది, అతుకులు, నీళ్లు. అమ్మేవాళ్ల వీడియోల్లో ఈ మూడూ కనిపించవు.

తొందరగా అయిపోతుందన్న మాట సగం నిజం. ఇక్కడ పునాది ఆరేలోపు ఫ్యాక్టరీలో గదులు తయారవుతాయి. తెచ్చి నిలబెట్టడం రెండు మూడు రోజుల పని. అయితే కరెంటు మీటరు, బోరు కనెక్షను, సెప్టిక్ ట్యాంకు సంగతి గదులు దిగాక మొదలుపెడితే, తాళం వేసిన కొత్త దవాఖానను ఊరంతా చూస్తూ కూర్చోవాల్సిందే. ఈ మూడింటికీ దరఖాస్తులు పునాది తవ్విన రోజే పెట్టాలి.

దారి సంగతి కూడా ముందే చూడాలి. 8 అడుగులంటే 2.44 మీటర్లు, మోటారు వాహనాల నిబంధనలు ఒప్పుకునే 2.6 మీటర్ల లోపే కాబట్టి మామూలు లారీ సరిపోతుంది. 10 అడుగుల వెడల్పు కోరుకుంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఎత్తు అసలు చిక్కు. లారీ మీద గది పెట్టాక మొత్తం నాలుగు మీటర్లు దాటుతుంది. రోడ్డు దాటే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) తీగలు 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. ఊళ్లో ఇళ్లకు వేలాడే సర్వీసు వైర్లకు ఆ నిబంధన తెలియదు. ముందురోజే లైన్‌మన్‌తో దారంతా నడిచి, దించే సమయానికి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించడం) తీసుకోవాలి. ఊరి కమాను ఎత్తు, చింతకొమ్మలు టేపుతో కొలవండి. దించడానికి హైడ్రా క్రేను చాలు, ఒక్కో గది సుమారు మూడు టన్నులు. కాకపోతే 12 టన్నుల హైడ్రా అంటే బూమ్ చాచినప్పుడు కూడా 12 టన్నులు ఎత్తుతుందని కాదు. పునాదికి దగ్గరగా బండి నిలిచే గట్టి చోటు ఉండాలి.

పునాది విషయంలో ఎర్ర చల్కా నేల అదృష్టమే, కాస్త లోతుకు పోతే గట్టి మొరం తగులుతుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో ఇదే గది పెడితే వానకు నేల ఉబ్బి, ఎండకు కుంగి, తలుపులు పట్టేస్తాయి. అక్కడ రేగడి తీసేసి మొరం నింపి దిమ్మిస కొట్టించకుండా గది కూర్చునే దిమ్మెలు కట్టొద్దు. ఏ నేలైనా దిమ్మెల పైమట్టంలో తేడా 5 మిల్లీమీటర్లు మించకూడదు. పారదర్శక పైపులో నీళ్లు పోసి ప్రతి దిమ్మె దగ్గరా చూడండి. ఒక మూల దిగితే మొదట స్లైడింగ్ కిటికీ బిగుసుకుంటుంది, తర్వాత కప్పు అతుకు తెరుచుకుంటుంది. గది నేల నుంచి అడుగున్నర ఎత్తున ఉండటం తప్పనిసరి. చట్రం అడుగుభాగం తుప్పు చూడాలంటే మనిషి వంగి చూసే జాగా ఉండాలి.

ఇక కప్పు. మూడు గదులు కలిసే రెండు గీతల దగ్గరే అన్ని చుక్కలూ కారాయి. కారణం చిన్న లెక్కలో ఉంది. ఉక్కు ఒక మీటరుకు, ఒక డిగ్రీకి 0.012 మిల్లీమీటరు సాగుతుంది. మే నెలలో తెల్లవారుజామున 25 డిగ్రీలున్న రేకు మధ్యాహ్నానికి 65కి పోతే, 6 మీటర్ల రేకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగి మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ అంతే. సన్నగా పూసిన సిలికాన్ రెండో ఎండాకాలానికే గోరుతో లాగితే తాడులా ఊడొచ్చింది. మళ్లీ సిలికాన్ పూయడం దండగ. అతుకు కింద బ్యుటైల్ టేపు (అంటుకునే రబ్బరు పట్టీ), పైన కదలికకు వీలున్న వెడల్పాటి ఫ్లాషింగ్ (అతుకును కప్పే రేకు పట్టీ), అంచుల్లో పాలీయురెథేన్ సీలెంటు వేశాక తగ్గింది. పూర్తిగా ఆగింది మాత్రం అన్నింటి పైన అడుగున్నర ఖాళీతో వాలు రేకుల కప్పు వేయించాకే. ఈ రెండో కప్పును మొదటి ఎస్టిమేటులోనే పెట్టండి. లోపలి వేడి తగ్గుతుంది, వాన చప్పుడూ తగ్గుతుంది. అది లేనప్పుడు పెద్ద వాన పడితే గర్భిణికి బీపీ చూసే సిస్టరుకు స్టెతస్కోపులో ఏమీ వినపడేది కాదు.

కోతుల గురించి ఏ కేటలాగులోనూ ఉండదు. గుంపుగా రేకుల మీద దూకుతాయి, ఫ్లాషింగ్ అంచు దొరికితే పీకుతాయి, ఏసీ పైపు మీది నల్ల ఫోమును తొక్క ఒలిచినట్టు ఒలుస్తాయి. ఫ్లాషింగ్‌కు స్క్రూలు అడుగుకొకటి చొప్పున వేసి అంచు లోపలికి మడవాలి, ఏసీ పైపును జీఐ డక్టులో (జింకు పూత రేకు గొట్టంలో) పెట్టాలి. స్క్రూల కింది రబ్బరు వాషర్లు ఎండకు పగులుతాయి, మూడు నాలుగేళ్లకు మార్చక తప్పదు. ఎలుకలకు ప్యానెల్ తెగిన అంచు కనిపిస్తే చాలు, ఫోములో గూడు పెట్టేస్తాయి. ప్రతి అంచుకూ రేకు చానెల్ మూత ఉందో లేదో దించుకునేటప్పుడే చూడండి.

నీళ్ల పని మాత్రం ఇందులో పెట్టొద్దు. బాత్రూం గది కూడా ఫ్యాక్టరీదే తీసుకుంటే, జాలీ చుట్టూ వినైల్ లేచి, కింది బోర్డు ఉబ్బి, కాలు పెడితే మెత్తగా దిగింది. మన దగ్గర నేల తుడవడం తక్కువ, బకెట్ కుమ్మరించి కడగడం ఎక్కువ. నల్గొండ బోరు నీళ్ల ఉప్పు మరకలకు యాసిడ్ వేస్తారు. ఆ యాసిడ్ గోడ అడుగు చానెల్ మీది జింకు పూతను తినేస్తుంది. మరుగుదొడ్లు ఇటుకతో విడిగా కట్టి వరండాతో కలపడమే మేలు. చేతులు కడిగే బేసిన్ పైపులు గోడ లోపల కాకుండా పైకి కనిపించేలా వేయించండి. లోపల కారితే ఫోము నీళ్లు తాగదు, నీరంతా దిగి అడుగు చానెల్‌లో నిలుస్తుంది. బయట తుప్పు మరక కనిపించేసరికి లోపల చిల్లు పడి ఉంటుంది.

వేడి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. రాత్రి చల్లబడటంలో స్లాబు కన్నా నయం. పగలు కరెంటు పోయి, టీకాల రోజున తల్లులూ పిల్లలూ నిండితే ఉక్కపోత భరించలేం. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి ఎదురెదురుగా పూర్తిగా తెరుచుకునే కిటికీలు అడగండి. ఏసీ ఉంటే ఒకటిన్నర టన్నుది ఒక్కో గదిని తేలిగ్గా చల్లబరుస్తుంది. గది ఎత్తు కూడా చూసుకోవాలి. మామూలు కంటైనర్ కొలత బయట ఎనిమిదిన్నర అడుగులు, లోపల ఎనిమిది కూడా మిగలదు. జాతీయ భవన నియమావళి నివాస గదికి 2.75 మీటర్లు అడుగుతుంది. సీలింగ్ ఫ్యాను పెడితే చెయ్యెత్తిన మనిషికి రెక్క తగులుతుంది. పదడుగుల ఎత్తు గదులు రాయించండి, లేదా గోడ ఫ్యాన్లతో సరిపెట్టుకోండి.

కరెంటులో రాజీ వద్దు. మొత్తం ఇనుము కదా, చట్రం రంధ్రం అంచుకు వైరు రాసుకుని తొక్క పోతే గోడే షాక్ కొడుతుంది. ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ (అంచు తొడుగు), కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి, చట్రానికి రెండు వైపులా ఎర్తింగ్ గుంతలు ఉండాలి. ఎండాకాలం ఆ గుంతలు ఎండిపోతాయి, నీళ్లు పోయించండి. పఫ్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది. రోగులు పడుకునే గదికి ధర ఎక్కువైనా మంట అంటుకోని రాక్‌వూల్ (రాతి నార) ప్యానెల్ అడగాలి.

ప్యానెల్ నాణ్యతకు ఒక సులువైన పరీక్ష ఉంది. రేకు ఊడదీసి ఫోమును 10 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ముక్కగా కోసి కిరాణా కొట్టు డిజిటల్ కాటాలో పెట్టండి. ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత ఉంటే 20 గ్రాములు తూగాలి. 14, 15 తూగితే సరుకు వెనక్కి పంపండి. గోడకు బేసిన్, బోర్డు, ఏసీ ఎక్కడెక్కడ వస్తాయో డ్రాయింగ్‌లోనే గుర్తుపెట్టించి లోపల ఉక్కు పట్టీ వేయించాలి. తర్వాత మేకు కొడితే ఆగదు.

బడి అదనపు గదికి, ఉపకేంద్రానికి, స్థలం తగవు తేలని ఊరికి ఇది పనికొస్తుంది. బోల్టు అతుకులే ఉండాలి సుమా, ఊళ్లో వెల్డింగ్ పెట్టారంటే రేపు విప్పి ఇంకోచోటికి తీసుకుపోవడం కుదరదు. కాన్పులు జరిగే దవాఖానకు, హాస్టల్ వంటగదికి మాత్రం వద్దనే అంటాం. గదులతోపాటే రెండు ప్యానెళ్లు, పది మీటర్ల ఫ్లాషింగ్, అదే రంగు నంబరు పెయింటు విడిగా తీసిపెట్టుకోండి, మండలంలో ఎక్కడా దొరకవు. అప్పగింతకు ముందు ట్యాంకర్ పిలిపించి కప్పు అతుకుల మీద గంటసేపు నీళ్లు కొట్టించాలి. రిటెన్షన్ సొమ్ము (బిల్లులో ఆపి ఉంచే భాగం) ఒక వానాకాలం దాటాకే విడుదల చేస్తామని అగ్రిమెంటులో రాయించాలి.